ఊహ తెలిసిన నాడు

తన కథ చెప్పుకోవలసి వచ్చినప్పుడు తెలుగువాడు సాధారణంగా ఒక మాటతో ఆరంభిస్తాడు: “నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ.” ఎంతో అలవాటైన మాట కావడం వల్ల దాని అర్థం దగ్గర మనం ఒక్క క్షణం కూడా ఆగము. ఊహ అంటే ఆలోచన, తర్కం, కల్పన అని నిఘంటువులు చెబుతాయి. కళ్ళ ఎదుట లేనిదాన్ని మనసులో నిలుపుకోగలగడం ఊహ. పసితనంలో మనిషికి కలిగే మొట్టమొదటి ఎరుకకు మన భాష జ్ఞాపకమని పేరు పెట్టలేదు; కల్పనకూ దానికీ ఒకే మాటను సరిపెట్టి ఊరుకున్నది. ‘బుద్ధెరిగిన నాటి నుంచి’ అని మరొక నుడి ఉన్నది గాని, అది మంచిచెడ్డలు తెలిసివచ్చిన వయస్సును సూచిస్తుంది. దానికి ఇంకా కొన్నేళ్ళు పట్టవచ్చు. కొందరికి చాలా ఏళ్ళే పట్టవచ్చు.

వ్యాకరణం కూడా ఇక్కడ ఏదో చెబుతున్నట్టే తోస్తుంది. మనం జ్ఞాపకం ‘చేసుకోవడం’ లేకపోలేదు గాని, ఎక్కువగా అది మనకు ‘వస్తుంది’. నిద్ర వచ్చినట్టు, జ్వరం వచ్చినట్టు వస్తుంది. ‘నాకు గుర్తున్నది’ అన్న వాక్యంలో కర్త గుర్తే. నేను దానికి చిరునామాను మాత్రమే. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారు తమ ఆత్మకథకు ‘అనుభవాలూ జ్ఞాపకాలూనూ’ అని పేరుంచారు. ఆ రెండింటినీ విడివిడిగా చెప్పడం వట్టి నుడికారం కోసమే కాదని నా నమ్మకం. అనుభవించినది వేరు, జ్ఞాపకమున్నది వేరు. మొదటి మూడేళ్ళ జీవితంలో ఈ తేడా దాదాపు సంపూర్ణం. అప్పుడు నవ్వని పూట లేదు, ఏడవని పూట లేదు. గుర్తున్న పూట మాత్రం ఒక్కటీ లేదు.

ఈ మరపును మన పెద్దలు గమనించకపోలేదు. గర్భస్థ శిశువుకు ఎంతో జ్ఞానం ఉంటుందనీ, భూమిమీద పడగానే శఠమనే వాయువు సోకి దాన్ని మరపింపజేస్తుందనీ వైష్ణవ సంప్రదాయం చెబుతుంది. ఆ వాయువును కోపించి దూరం చేసినందువల్లనే నమ్మాళ్వారుకు శఠకోపుడన్న పేరు వచ్చిందంటారు. విష్ణ్వాలయాలలో అర్చకులు మన తలపై ఉంచే శఠగోపం ఆయన పేరిటిదే. దాన్ని తలమీద పెట్టించుకొని తీర్థం పుచ్చుకొనే మనలో ఎందరికి అది మతిమరుపుకు సంబంధించిన కథ అని తెలుసు? ప్రహ్లాదుడు తల్లి కడుపులో ఉండగానే నారదుని ఉపదేశం విన్నాడు. అభిమన్యుడు పద్మవ్యూహంలోకి ప్రవేశించే ఉపాయం వరకు విన్నాడనీ, బయటపడే ఉపాయం వినలేదనీ జనశ్రుతి. ఈ రెండు కథలలోనూ ఎవరో ఒకరు చెబుతున్నారు, శిశువు వింటున్నాడు. జ్ఞాపకం విషయంలో ఇది చిన్న సంగతి కాదు.

నేను మొదట పాఠశాలలో ఉపాధ్యాయుణ్ణి. తరువాత పదోన్నతిపై జూనియర్ కళాశాలలో తెలుగు అధ్యాపకుణ్ణి. 1981 ఫిబ్రవరిలో జనగణన కోసం మా కోనసీమలోనే ఒక లంకగ్రామంలో గణకుడిగా ఇల్లిల్లూ తిరిగాను. పట్టికలో అన్ని గడులూ సులువుగానే నిండేవి, వయస్సు గడి తప్ప. జననమరణాల నమోదుకు దేశమంతటికీ ఒకే చట్టం వచ్చినది 1969లో. అంతకు పూర్వం పుట్టిన పల్లెవాసులకు తమ పుట్టిన సంవత్సరం తెలియడం అరుదు. బడిలో చేర్చుకొన్న నాడు ప్రధానోపాధ్యాయులు వేసిన జూలై ఒకటవ తేదీతోనే ఉద్యోగంలో చేరి, ఆ లెక్కకే విరమణ పొందినవారు ఈ పత్రిక చదివేవారిలోనూ ఉండవచ్చు.

ఏడు తెలియనివారిని అందరికీ తెలిసిన సంఘటనల సాయంతో అడగాలని మాకు శిక్షణలో చెప్పారు. 1942 ఏప్రిల్‌లో కాకినాడ మీద జపానువారి విమానాలు బాంబులు వేసినప్పుడు మీరు నడిచేవారా, పాకేవారా? 1953 అక్టోబరులో ఆంధ్రరాష్ట్రం ఏర్పడేనాటికి బడికి వెళ్తున్నారా? మా వైపు అన్నిటికంటె బాగా పనిచేసిన కొలబద్ద గోదావరి. 1953 ఆగస్టు వరద అనగానే ముసలివారి నుంచి నడివయసువారి దాకా తమ తమ వయస్సులు చెప్పగలిగేవారు. ఒక ఇల్లాలు, అప్పటికి ముప్ఫై ఏళ్ళు దాటి ఉండవు, ఇలా అన్నది: “ఆ వరద నాకు బాగా జ్ఞాపకమేనండి. మా అమ్మ చెప్పింది.” ఆ వాక్యాన్ని పట్టిక అంచున రాసుకోవాలనిపించింది. ప్రభుత్వ పత్రం గనుక రాయలేదు. కాని ఆ రోజునుంచి మనుషులను వారి తొలి జ్ఞాపకం ఏమిటని అడగడం నాకు ఒక అలవాటయింది.

ఇదే ప్రశ్నను పంతొమ్మిదో శతాబ్ది చివరలో ఫ్రాన్సులో విక్టర్ ఆన్రీ, కేథరిన్ ఆన్రీ దంపతులు అడిగారు. మీ తొలి జ్ఞాపకం ఏమిటి, అప్పటికి మీ వయస్సెంత అన్న ప్రశ్నావళిని మానసికశాస్త్ర పత్రికల ద్వారా పంపి 123 మంది జవాబులు సేకరించారు. వాటిలో ఒకదాన్ని ఫ్రాయిడ్ 1899లో తన వ్యాసంలో ఉదాహరించాడు. జవాబిచ్చినవారు ఒక భాషాశాస్త్ర ఆచార్యులు. ఆయనకు మూడు నాలుగేళ్ళ నాటి దృశ్యం ఒకటి గుర్తున్నది: భోజనానికి సిద్ధం చేసిన బల్ల, దానిమీద ఒక పాత్రలో మంచుగడ్డ. ఆ రోజులలోనే ఆయన అవ్వ మరణించింది. ఆ మరణం పిల్లవాణ్ణి ఎంతో కలచివేసిందని తల్లిదండ్రులు చెప్పారు. ఆయనకు మాత్రం మరణం గుర్తులేదు, మంచుగడ్డ గుర్తున్నది. పెద్ద బాధను కప్పిపుచ్చడానికే మనస్సు చిన్న వస్తువును ముందు నిలుపుతుందని ఫ్రాయిడ్ వాదం. 1905 నాటికి ఆయన ఈ తొలి ఏళ్ళ మరపుకు ఒక పేరు కూడా పెట్టాడు. మనం శైశవ విస్మృతి అనుకోవచ్చు. ఆ వాదాన్ని పూర్తిగా ఒప్పుకోవడానికి నాకు మనసు రాదు. మంచుగడ్డ బల్లమీద ఉన్నది, మెరిసింది, పిల్లవాడు చూశాడు. మరణం ఎక్కడ ఉన్నదని చూడాలి వాడు?

నేను విన్నవాటిలోనూ ఎక్కువ భాగం ఇటువంటి మంచుగడ్డలే. నల్లగొండ జిల్లా నుంచి వచ్చిన ఒక సహోద్యోగి 1948 సెప్టెంబరులో మూడేళ్ళవాడు. ఊరు ఊరంతా ఆ రోజులలో ఎంత భయపడిందో ఆయన తరువాత చదివి తెలుసుకొన్నారు. జ్ఞాపకమున్నది మాత్రం రాత్రివేళ జొన్నచేలో తన నోటిని మూసిన తల్లి అరచేయి, ఆ చేతికున్న ఉల్లిపాయ వాసన. సికింద్రాబాదులో బట్టల వ్యాపారం చేసే ఒక సింధీ పెద్దమనిషి దేశవిభజన కాలంలో కరాచీ నుంచి ఓడలో బొంబాయి చేరిన కుటుంబంలోనివారు. సముద్రం ఆయనకు గుర్తులేదు. ఓడపై చుట్టగా చుట్టి పెట్టిన తాడు గుర్తున్నది. ఆ చుట్ట తనకంటె ఎత్తుగా ఉండేదట. చరిత్ర గ్రంథాలలో అధ్యాయాలు అధ్యాయాలుగా నిలిచిన ఘట్టాలు పసివాళ్ళ కంటికి ఉల్లిపాయగా, తాడుచుట్టగా అందుతున్నాయి. వీటిలో ఏ మహత్తర సంఘటనా లేని జ్ఞాపకాలూ ఉన్నాయి. ఒకావిడ తొలి జ్ఞాపకమల్లా గడప దాటలేకపోవడమే.

1990లో నాకు కృష్ణాజిల్లా దివిసీమకు బదిలీ అయింది. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలై సముద్రానికి పోతుంది. ఆ పాయల నడుమ, సముద్రపు అంచున ఉన్న నేల దివిసీమ. 1977 నవంబరు 19న అక్కడ వచ్చిన ఉప్పెన సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. చనిపోయినవారు పదివేలకు పైబడిన ఉత్పాతం అది. సొర్లగొంది, పాలకాయతిప్ప వంటి ఊళ్ళ పేర్లు దేశమంతటికీ తెలిసినది ఆ ఒక్క రాత్రితోనే. ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరంలో నా ఎదుట కూర్చున్న విద్యార్థులు ఆ రాత్రికి మూడేళ్ళవారు. కొందరికి నాలుగు. ఒకనాడు తరగతిలో ‘నా తొలి జ్ఞాపకం’ అనే వ్యాసం రాయమన్నాను.

యాభైకి దగ్గరగా కాగితాలు వచ్చాయి. ఉప్పెన గురించి రాసినవారు నేననుకొన్నంత మంది లేరు. రాసినవారిలో సగం మంది వాక్యాలు ఒకేలా ఉన్నాయి: తాటిచెట్టు ఎత్తున నీరు, గుడి కప్పు మీద తెల్లవార్లూ కూర్చున్న జనం, చీరతో చెట్టుకు కట్టుకొన్న తల్లి. అవి ఇళ్ళలో పదేపదే చెప్పుకోగా నునుపెక్కిన వాక్యాలు. అయినా పిల్లలు వాటిని తమవిగానే రాశారు, వారి నిజాయితీని శంకించడానికి వీలు లేదు. తక్కినవారు సహాయశిబిరాలలో తాగిన పాలపొడి పాల రుచి గురించి రాశారు. ఎండకు టార్పాలిన్ గుడ్డ వేసే వాసన గురించి రాశారు. ఒకడు కేవలం ఒక మేకపిల్ల గురించి రాశాడు.

ఒక అమ్మాయి కాగితంలో రెండే వాక్యాలు. “నాకు ఏదీ జ్ఞాపకం లేదు. చెప్పడానికి ఎవరూ లేరు.” ఆ రాత్రి ఆమె ఇంట్లో ఆమె తప్ప ఎవరూ మిగలలేదనీ, ఎక్కడో మెట్టప్రాంతంలో ఉన్న దూరపు బంధువులు తీసుకుపోయి పెంచారనీ, చదువుకోసం మళ్ళీ ఈ వైపు వచ్చి వసతిగృహంలో ఉంటున్నదనీ తరువాత తెలిసింది. పెంచినవారు మంచివారే. కాని వారు ఆమె పుట్టిన ఇంటిని చూసినవారు కారు. ఆమె ఎప్పుడు నడిచిందో, ఏది చూసి భయపడేదో, ఏ పాటకు నిద్రపోయేదో చెప్పగల మనిషి భూమిమీద లేడు. మరణించినవారి లెక్కలో చేరని నష్టం అది. నేను ఆ కాగితాన్ని ఏ వ్యాఖ్యా రాయకుండా పక్కన పెట్టాను. నాలుగు రోజుల తరువాత ఆమె ఉపాధ్యాయుల గది గుమ్మం దగ్గర నిలబడి అడిగింది: “ఊహించి రాయవచ్చాండీ, మాస్టారూ?” రాయమన్నాను. మరునాడు ఒక పేజీ తెచ్చి ఇచ్చింది. అరుగుమీద కూర్చొని ఒక తల్లి కూతురికి జడ వేస్తున్నది; జడ బిగువుగా లాగినప్పుడల్లా పిల్ల మెడ వెనక్కు వాలి తాటాకు చూరు కనబడుతున్నది; చూరులో ఒక ఎర్ర రిబ్బను దోపి ఉన్నది. అంతే. ఆ రిబ్బను చూరులోకి ఎలా వచ్చిందని నేను అడగలేదు. కాగితం ఆమెకే తిరిగి ఇచ్చాను.

కల్పించినది జ్ఞాపకమవుతుందా అన్న ప్రశ్నకు పియాజే జీవితంలో ఒక ప్రసిద్ధమైన ఉదాహరణ ఉన్నది. పిల్లల మనస్తత్వాన్ని జీవితమంతా పరిశీలించిన ఆ స్విస్ పండితునికి రెండేళ్ళు నిండకముందు నాటి దృశ్యం ఒకటి స్పష్టంగా కనిపించేది: పారిస్‌లో తోపుడుబండిలో తాను, తనను ఎత్తుకుపోవడానికి వచ్చిన మనిషి, ఎదిరించిన దాది ముఖం మీద గీరుకుపోయిన గాట్లు, పరుగున వచ్చిన పోలీసు. ఆయనకు పదిహేనేళ్ళ వయస్సులో ఆ దాది ఉత్తరం రాసింది. ఆ కథ మొత్తం తాను కల్పించినదేనని ఒప్పుకొని, అప్పట్లో బహుమానంగా ఇచ్చిన గడియారాన్ని తిప్పి పంపింది. కథ విన్న పిల్లవాడు దానికి బొమ్మ కట్టుకొన్నాడు. ఈ ఉదాహరణను సాధారణంగా జ్ఞాపకాన్ని నమ్మరాదని చెప్పడానికి వాడుతారు. నాకు తోచేది మరొకటి. చెప్పిన కథ అంత బలంగా నాటుకోగలిగితే, చెప్పని కథ లేకపోవడం కూడా అంత బలమైన లోటే కావాలి.

ఇటీవలి పరిశోధనలు ఈ దిశగానే నడుస్తున్నాయి. 2000 సంవత్సరంలో వెలువడిన ఒక న్యూజిలాండ్ అధ్యయనంలో ఐరోపా సంతతివారి తొలి జ్ఞాపకం సగటున 43 నెలల వయస్సుది కాగా, మావోరీలది 33 నెలలది. పూర్వుల కథలను, వంశచరిత్రను పిల్లలకు చెప్పడం మావోరీ సమాజంలో గౌరవమైన కర్తవ్యం. అమెరికాలో మూడేళ్ళ పిల్లల చేత అనుభవాలు చెప్పించి, రాసి ఉంచి, వారు పెరిగిన కొద్దీ మళ్ళీ అడిగి చూశారు. 2014లో ప్రకటించిన ఫలితాల ప్రకారం అయిదు నుంచి ఏడేళ్ళ పిల్లలకు ఆ సంగతులలో అరవై శాతానికి తగ్గకుండా గుర్తున్నాయి; ఎనిమిది తొమ్మిదేళ్ళ వారికి నలభై శాతం కూడా లేవు. అంటే మనం తొలి ఏళ్ళను పెద్దవాళ్ళమయ్యాక మరిచిపోవడం లేదు. బాల్యంలోనే, బడిలో రెండో మూడో తరగతి చదువుతూ పోగొట్టుకొంటున్నాము. ఆ లోపల ఎవరైనా పక్కన కూర్చొని “ఆ రోజు ఏమయిందంటే” అని తిరగదోడితే కొంత నిలుస్తుంది. అదే ఏడు టొరంటో పరిశోధకులు ఎలుకలలో చూపినది మరొక పార్శ్వం: మెదడులో కొత్త కణాలు వేగంగా పుడుతున్న పసితనంలో పాత ముద్రలు చెదిరిపోతాయి. ఎదుగుదలే మరపును తెస్తున్నదన్నమాట. శఠవాయువు బయటినుంచి రానక్కరలేదు.

ఇక నా సంగతి. మా ఇల్లు గోదావరి లంకలో పెంకుటిల్లు. 1953 వరదకు నేను ఆరు నెలలవాణ్ణి, అన్నయ్యకు నాలుగేళ్ళు. నన్ను గంపలో పడుకోబెట్టి అటక మీదికి చేర్చారనీ, రెండు రాత్రులూ నిద్రపోతూనే ఉన్నాననీ మామ్మ చెప్పేది. అయినా నా కళ్ళకు ఒక దృశ్యం కడుతుంది. పైనుంచి చూస్తున్నాను. పెరట్లో ఎర్రనీరు. తులసికోట తల మాత్రం పైకి ఉన్నది. దానిమీద మా తెల్లపిల్లి ముడుచుకొని కూర్చున్నది. నీటిలో ఇత్తడి గుండిగ ఒకటి తిరుగుతూ పోతున్నది. ఈ దృశ్యం నాది కాదని నాకు మొదటినుంచీ తెలుసు. అది అన్నయ్యది. నిచ్చెన చివరి మెట్టు మీద కూర్చొని వాడు చూసినది.

నాది అనదగిన తొలి జ్ఞాపకం వేరు. వరద తీసిన తరువాత మట్టిగోడమీద నీటి గుర్తు చాలాకాలం ఉండిపోయింది; ఎన్నిసార్లు సున్నం వేసినా వానాకాలంలో మళ్ళీ పైకి తేలేది. అన్నయ్య నన్ను ఆ గోడకు ఆనించి నిలబెట్టి, నా తలమీద అరచేయి పెట్టి, ఆ చేతిని గోడవెంట పైకి, ఇంకా పైకి, గుర్తు దాకా జరిపేవాడు. “ఒరే, నువ్వు ఇంత మునిగిపోదువురా!” ఆ చేయి గోడమీద రాసుకొన్న చప్పుడు నాకు వినిపిస్తుంది. రాత్రి నులకమంచం మీద పక్కన పడుకొని పిల్లి సంగతి చెప్పేవాడు. ముఖం గుర్తులేదు, ఎంత ప్రయత్నించినా చీకటిలో గొంతే.

1957 వానాకాలంలో అన్నయ్య జ్వరంతో పోయాడు. వాడికి ఎనిమిదేళ్ళు, నాకు నాలుగున్నర. ఫోటో తీయించే ఆచారం, స్తోమతు ఆనాడు మా ఇంట్లో లేవు. అమ్మ వాడి పేరు ఎత్తేది కాదు. మామ్మ మాత్రం నన్ను పక్కలో వేసుకొని, “మీ అన్నయ్య చెప్పేవాడే, ఆ పిల్లి...” అని అందుకొనేది. నేను మిగిలినది చెప్పేవాణ్ణి. ఆ విధంగా నాకు ఏడెనిమిదేళ్ళు వచ్చేదాకా సాగింది. ఆమె అందుకోకపోయి ఉంటే ఈ గొంతు, ఈ గోడ, ఈ చేయి నాకు ఉండేవి కావని ఇప్పుడు శాస్త్రం చదివి గ్రహిస్తున్నాను. ఆమె 1966లో, అమ్మ 2004లో పోయారు. 1986 ఆగస్టులో గోదావరికి అంతకంటె పెద్ద వరద వచ్చినప్పుడు ఆ ఇల్లే పడిపోయింది. అన్నయ్యను కళ్ళారా చూసినవారిలో ఇప్పుడు మిగిలినది నేనొక్కణ్ణి. చూశానని చెప్పడానికి నా దగ్గర ఉన్నది ఒక చేయి, ఒక గొంతు. వాడి కళ్ళు చూసినది మాత్రం నా దగ్గర పూర్తిగా ఉన్నది.

నా దగ్గరే కాదు. మా చెల్లెలు 1959లో పుట్టింది. అన్నయ్య పోయిన రెండేళ్ళకు. నిరుడు దాని ఇంటికి వెళ్ళినప్పుడు భోజనాల వేళ మనవడికి అన్నం కలుపుతూ వరద కథ చెబుతున్నది. తులసికోట, తెల్లపిల్లి, తిరుగుతూ పోయిన గుండిగ, అన్నీ వరుసగా వచ్చాయి. పైగా “నేను నిచ్చెన మీదనుంచి చూస్తుంటే” అన్నది. నేను తల వంచుకొని భోజనం చేశాను. కథ అయిపోయాక ఆ పిల్లవాడు కాసేపు ఆలోచించి, నావైపు తిరిగి అడిగాడు.

“తాతయ్యా, ఆ పిల్లి తరువాత దిగిందా?”

చెల్లెలు నావైపు చూసింది. అన్నయ్య ఎప్పుడూ అక్కడిదాకానే చెప్పేవాడు.